చిలుము కాదవ్వా, రంగు

ఇప్పుడు ఏ రూపాయినైనా డబ్బు అంటున్నాం గాని, వెనుకటికి మా సిద్దిపేట దిక్కు డబ్బు అంటే ఒక రాగి బిళ్ల పేరు. సరిగ్గా గుండ్రంగా కూడా ఉండదు. లావుగా, ఒక పక్క నొక్కుకుపోయి, మీద నిజాం కాలపు పారసీ అక్షరాలు సగం పడి సగం పడక ఉంటుంది. అట్లాంటి బిళ్లల కోసం నేను నా వయసంతా తగలేశాను. తగలేశాను అన్న మాట నాది కాదు, మా బజారుది.

మాది ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. ఎనభైల్లో జనానికి స్టీలు పిచ్చి పట్టింది. చిన్నకోడూరు నుంచి, ధూళిమిట్ట నుంచి ఆడవాళ్లు తాతల నాటి గంగాళాలు, చెంబులు నెత్తిన పెట్టుకొచ్చి తూకానికి వేసి స్టీలు బిందెలు చంకనేసుకుని పోయేవాళ్లు. ఆ చెంబుల అడుగున అప్పుడప్పుడు రాగి పైసలు దొరికేవి. అవీ తూకానికే, కరగబెట్టడానికే. నేను మాత్రం కుప్పలో చెయ్యి పెట్టి ఏరుకునేవాణ్ని. అరిగినవి నాకొద్దు. అక్షరం నిలబడి ఉండాలి, అంచు చెదరకుండా ఉండాలి, అన్నిటికంటే ముందు ఆ రంగు ఉండాలి.

ఆ రంగును ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. పండిన చింతగింజ రంగు అనుకోండి, దగ్గర దగ్గరగా. నూరేళ్లు గాలి తగిలితే రాగి తనంతట తాను కట్టుకునే పొర అది. పల్చగా, నున్నగా, అక్షరాల సందుల్లో ఇంకొంచెం ముదురుగా ఉంటుంది. ఒక్కసారి గీకితే పోతుంది, మళ్లీ రాదు. నాణేలు తెలిసినవాళ్లకు అదే ప్రాణం. మా భాషలో మాత్రం దానికి ఉన్న పేరు ఒక్కటే, చిలుము.

"ఏందిరా ఈ చిలుము పట్టిన పైసలు! పండుగ పూట ఇంట్ల వెట్టుకుంటరా ఎవరన్న?" అనేది మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి.

"చిలుము కాదవ్వా, రంగు. తోమితే పాడైతయి, ముట్టకు."

"రాగి తోమితే పాడైతదా! ఓరి నీ తెలివి సల్లగుండ, నాకు జెప్తున్నవా రాగి గురించి?"

అవ్వకు చెప్పగలిగేవాడు ఎవడు? మా ఇంట్లో చెంబులు, బిందెలు, దేవుడి గిన్నెలు అద్దాల్లా మెరిసేవి. రాగి నల్లబడిందంటే ఆ ఇంటి ఆడదాని పరువు పోయినట్టే ఆమె లెక్క. బజారువాళ్లు నన్ను 'తుక్కు సేటు' అని పిలుస్తుంటే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. నాకసలే ముక్కు మీద కోపం. ఎవడన్నా తుక్కు అంటే కయ్యానికి దిగేవాణ్ని. నేను చూసేది ఈ ఊళ్లో ఇంకొక్కడికి కనబడితే చాలు అని ఉండేది నాకు. ఒక్కడంటే ఒక్కడు.

తొంభైల మొదట్లో ఆ ఒక్కడు వచ్చాడు. హైదరాబాదులో పనిచేసి రిటైరైన పెద్దాయన. కొమురవెల్లి మల్లన్న దర్శనం చేసుకుని పోతూ, గంట కొనడానికి మా దుకాణంలో ఆగాడు. మాటల్లో నాణేలంటే ఇష్టమని తెలిసింది. నేను గల్లాపెట్టెలోంచి ఒక డబ్బు తీసి చూపించాను. అది కూడా కొమురవెల్లి నుంచి వచ్చిందే. ఒక ముసలమ్మ ఇంట్లో ఎన్నో తరాలుగా బండారు డబ్బాలో, అంటే దేవుడి పసుపులో, చెయ్యి తగలకుండా పడి ఉంది. ఒక్క అక్షరం అరగలేదు. అక్షరాల మధ్య ఇంకా పసుపు ఉంది. ఆయన అంచులు పట్టుకుని భూతద్దం పెట్టి చూశాడు.

"ఇసొంటివి ఇంక ఉన్నయా మీ దగ్గర?"

"ఉన్నయి సార్."

"అన్నీ తీస్కొని రాండ్రి. వచ్చే నెల మా నాణేలోళ్లందరం కూడుతున్నం. అద్దాల పెట్టెల మీ పేరు మీద పెడుదాం. గింత సక్కగ దాచినోన్ని నేను చూడలె."

ఆ మాటతో నేను ఇంట్లో చిన్నపిల్లవాడిలా గంతులేశాను. అవ్వకు పదిసార్లు చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది. నా పైసలను పెద్దోళ్లు చూస్తారని, అద్దాల పెట్టెలో పెడతారని తెలిసిన తరవాత ఆమె నన్ను ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యలేదు.

ప్రయాణం ముందురోజు పొద్దున ఒక్కో నాణేన్నీ పతంగి కాగితంలో చుట్టి రేకుపెట్టెలో పేర్చి దుకాణానికి పోయాను. ఆ పగలు ఇంట్లో ఏం జరిగిందో నాకు తరవాత తెలిసింది. అవ్వ పెట్టె తీసింది. ఒక్కో పొట్లమూ విప్పింది. చింతపండు నానేసి, ఉప్పు కలిపి, పొయ్యిలోని బూడిద వేసి, కొబ్బరి పీచుతో ఒక్కోదాన్నీ తోమింది. కడిగి, ఎండకు ఆరబెట్టి, మళ్లీ అవే కాగితాల్లో పొందిగ్గా చుట్టి పెట్టింది. నా కొడుకు నలుగుర్ల నల్లటి పైసలు పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె అనుకుందట. తెల్లారి బస్సుకు బయల్దేరుతుంటే ముసిముసిగా నవ్వింది.

"గాడ ఇప్పినంక చూడు" అన్నది. సద్ది మూటలో తీపి ఏదో పెట్టిందనుకున్నాను.

హైదరాబాదులో పెద్ద హాలు, బల్లల మీద అద్దాల పెట్టెలు. పెద్దాయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఒక ఖాళీ పెట్టె ముందు నా పేరు రాసిన చీటీ పెట్టి ఉంది. నేను మొదటి పొట్లం విప్పాను. ఎర్రగా మెరుస్తూ ఒక రాగి బిళ్ల బయటికొచ్చింది. రెండోది విప్పాను. అదీ అట్లాగే. అన్నీ విప్పాను. అప్పుడే కొలిమిలోంచి తీసినట్టు అన్నీ తళతళ మెరుస్తున్నాయి. అవ్వ నవ్వు గుర్తొచ్చింది.

పెద్దాయన ఒక్కోదాన్నీ తిప్పి చూసి, "నేను మీ దుకాణంల చూసింది వీట్ల ఏది?" అని అడిగాడు.

వెతికాను. పసుపు లేదు, రంగు లేదు. ఒకదాన్ని తీసి ఇది అన్నాను, కాదేమో అని ఇంకోటి తీశాను. పదేళ్లు నా కళ్లతో సాకిన బిళ్లను నేనే పోల్చుకోలేకపోయాను. అంత దిక్కుమాలిన క్షణం నా బతుకులో ఇంకోటి లేదు.

"పోత పోయించినవైతే చెప్పుండ్రి, నేనేమనుకోను" అన్నాడాయన మెల్లగా. రాగి దుకాణంవాణ్ని కదా, నకిలీవి చేయించానని అనిపించి ఉంటుంది.

"మా అవ్వ తోమింది సార్" అన్నాను. నమ్మాడో లేదో. తల ఊపి, నా పేరున్న చీటీని బల్ల మీదినుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన తప్పు లేదు. ఆయన జాగాలో నేనున్నా అదే చేసేవాణ్ని.

తిరుగు బస్సులో దారంతా ఒళ్లు మండిపోయింది. ఇంటికిపోయి పెట్టె అవ్వ ముందు విసిరికొట్టి ఎన్ని అనాలో అన్నీ కూడబెట్టుకున్నాను. పోయేసరికి ఆమె పక్కింటావిడతో అరుగు మీద కూర్చుని నా కోసమే చూస్తోంది. చింతపండు పులుపుకు వేళ్ల కొనలు పగిలి, బూడిద ఇంకి నల్లగా ఉన్నాయి. ఆ చేతులతోనే నా చేతిలోని పెట్టె అందుకుంది.

"ఏమన్నరు బిడ్డా?"

నేను ఆ వేళ్ల దిక్కే చూశాను.

"మంచిగున్నయన్నరవ్వా."

"చూసినవా! నేను జెప్పలే?" అన్నది పక్కింటావిడతో. మళ్లీ నా దిక్కు తిరిగి, "మల్ల ఎప్పుడు రమ్మన్నరు?" అని అడిగింది.

"కబురు జేస్తరు."

ఎవరు కబురు చేస్తారు, నా బొంద. ఆ తరవాత నేను ఒక్క నాణెం ఏరలేదు. కుప్పలో మంచిది కనబడ్డా తూకంలోనే వేసి కొలిమికి పంపాను. అవ్వ మాత్రం ఆ పెట్టెను వదల్లేదు. ఏ పొద్దు కబురొస్తుందో ఏమోనని ప్రతి పండక్కి ముందు కూర్చుని అన్నీ తోమేది. అక్షరాలు ఏటికేడు పల్చబడ్డాయి. వాటిలోని ఇంగ్లీషు రాణి బొమ్మ పైసల మీద ముక్కు పోయింది, తరవాత మొహమే పోయింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇంకేం మిగిలిందని ఆపాలి?

ఒక దసరా ముందు ఆమె ఉన్నట్టుండి పీచు పక్కన పెట్టి నా దిక్కు చూసింది.

"వాళ్లు ఇంక పిలుస్తలేరేందిరా?"

ఆమె ఒక బిళ్లను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మెరుపు సాల్తలేదేమో. ఈపారి ఇంకింత గట్టిగ తోముత తియ్" అన్నది.