వాన రోజు సుత్తి చప్పుడు

ఆ వీధిలో వాన పడేటప్పుడు ఎవరూ సుత్తి పట్టరు. ఇది ఎవరో కూర్చుని పెట్టిన కట్టుబాటు కాదు. గోడకి మేకు కొట్టాలన్నా, ఊడిన కుర్చీ కాలు బిగించాలన్నా మబ్బు విడిపోయేదాకా ఆగుతారు, అంతే. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు తెలియక మొదలుపెడితే పక్కింటివాళ్లు పరుగున వచ్చి, "ఇప్పుడొద్దండీ, వాన తగ్గాక కొట్టుకుందురు గానీ" అని చెప్పి, ఎందుకో చెప్పకుండానే వెనక్కి తిరుగుతారు. చెప్పడానికి వాళ్లకి మొహం చెల్లదు.

వాళ్లు చెప్పలేనిది నేను చెబుతాను. అది ఆ వీధి చివర, పల్లంలో ఉన్న మేస్త్రీ ఇంటి కథ.

మేస్త్రీ గోడలు కట్టే మనిషి. చేతిలో పని ఎంత చక్కగా ఉండేదో నోటిలో మాట అంత వంకరగా ఉండేది. ఏ గోడ కట్టినా అడుగున నీళ్లు పోవడానికి ఒక కంత వదిలేవాడు. అది అతని అలవాటు. వెనక చేరిన నీళ్లకి దారి లేకపోతే ఎంత గోడైనా ఏదో ఒక రోజు కడుపు ఉబ్బి కూలుతుందని అతని భయం. ఇంత డబ్బు పోసి కట్టించుకుంటే కంత ఏమిటయ్యా అని ఇంటివాళ్లు ముఖం చిట్లించేవారు. "మీ ముక్కుకి రెండున్నాయి కదండీ, పాపం నా గోడకి ఒకటైనా ఉండనివ్వండి" అనేవాడు. నవ్వక చచ్చేవాళ్లా!

అతని పెరటి గోడ అవతల కాలువ. వీధిలో కురిసిన వానంతా పల్లానికి జారి, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, గోడ అడుగున ఉన్న తూములోంచి కాలువలో పడిపోయేది. పాతకాలం వాళ్లు ఆలోచించి పెట్టిన దారి. ఆ ఇల్లు కొనుక్కున్నప్పుడే మేస్త్రీకి ఈ సంగతి తెలుసు. తూము తన పెరట్లో ఉండటం తనకేదో పెద్దరికం ఇచ్చినట్టు పొంగిపోయాడు కూడా.

తర్వాత వరసగా కరువు ఏళ్లు వచ్చాయి. ఆకాశం ముఖం చాటేసింది. బావులు అడుగంటాయి. కాలువలో ఎగువన ఉన్న అద్దకం షెడ్ల మురుగు తప్ప చుక్క నీరు లేదు. ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా, ఏ రంగులో వచ్చినా కంపు మాత్రం ఒకటే. ఆ కంపంతా తూములోంచి వీధిలోకి వచ్చేది. దోమల సంగతి చెప్పనక్కర్లేదు. వీధి వీధంతా మేస్త్రీ గుమ్మం ముందు చేరింది. వానే లేనప్పుడు వాననీళ్ల దారి ఎవరికి కావాలి, మూసెయ్యమని పట్టుబట్టింది. మేస్త్రీ కొన్నాళ్లు నానుస్తూ వచ్చాడు. చివరికి ఒప్పుకుని తూముకి అడ్డంగా రాళ్లతో గోడ కట్టేశాడు. అలవాటు చొప్పున మోకాలి ఎత్తులో బిందె పట్టేంత కంత మాత్రం వదిలాడు.

ఆ కంతలోంచి కంపు తిన్నగా వంటింట్లోకే కొట్టేది. భార్య కొంగు ముక్కుకి కట్టుకుని వంట చేసేది.

"నీ గోడ ముక్కు సంగతి సరే, నా ముక్కు సంగతేంటి?" అంది ఒకరోజు. "ఊళ్లో అందరి మాటా విన్నావు. కట్టుకున్నదాని మాట వినవా?"

ఆవిడ ఏదీ పట్టుబట్టి అడిగే మనిషి కాదు. అడగక అడగక అడిగింది కదా అని మేస్త్రీ మురిసిపోయాడు. ఎప్పటికీ ఊడకూడదని మామూలుకంటే రెట్టింపు సిమెంటు కలిపి ఆ కంత బిగించేశాడు. పచ్చి సిమెంటు మీద ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి గట్టిగా అద్దింది. "ఇల్లు నీ పేరున ఉంటే ఉంది. ఇక్కడ మాత్రం నాది" అని నవ్వింది. ఐదు వేళ్లూ, చిటికెన వేలి మీద పాత కాలిన మచ్చతో సహా, అచ్చుపడ్డాయి.

ఇక ఆ ఏడు వాన వచ్చింది. అన్నేళ్ల బాకీ ఒక్క పూటలో తీర్చేసినట్టు వచ్చింది.

మేస్త్రీ ఊరి అవతల పనిలో ఉన్నాడు. కూతురు బడిలో ఉంది. వీధి నీళ్లన్నీ సందులోంచి పెరట్లోకి వచ్చి, పోయే దారి లేక నిలబడిపోయాయి. ఆవిడ ఇంట్లో ఉన్న మొగుడి పాత సంచీలోంచి సుత్తీ ఉలీ తీసుకుని పెరట్లోకి దిగింది. తాను మూయించినది తానే తెరవాలనుకుంది. కొట్టడం మొదలుపెట్టింది.

ఆ చప్పుడు వీధంతా విన్నది. గోడలు నీళ్లలో నానుతున్నాయి, సామాను మంచాల మీదకి ఎక్కిస్తున్నారు, ఎవరి గొడవ వాళ్లది. అయినా విన్నారు. మేస్త్రీ ఇంట్లో సుత్తి చప్పుడు వినిపిస్తే ఎవరికి మాత్రం వింత? ఎదురింట్లో బట్టలు ఇస్త్రీ చేసే అక్క అయితే, "వానలో కూడా ఈ మనిషికి పనే!" అని నవ్వి, తడవకుండా బట్టల మూటలు అటక మీదకి ఎక్కించుకుంది. కాసేపటికి చప్పుడు ఆగింది. పని అయిపోయింది కాబోలు అనుకున్నారు.

పక్కింటి మట్టి ప్రహరీ నాని ఆవిడ మీద కూలింది.

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, గుమ్మం దాకా వచ్చి తొంగిచూడలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ వాళ్లని తిట్టి ఏం లాభం? నేనైనా అదే అనుకునేవాణ్ణి.

నీళ్లు తీశాక చూస్తే ఇంట్లో ఒక్క ఫోటో మిగల్లేదు. ఆల్బంలోని బొమ్మలన్నీ కరిగి ముద్దయ్యాయి. ఆవిడ అంటూ ఆ ఇంట్లో మిగిలింది గోడ మీది అరచెయ్యి ఒక్కటే. దాని చుట్టూ, సిమెంటు రాయిని పట్టుకున్న అంచుల వెంట, ఉలి గాట్లు ఉన్నాయి. అంచున ఎంత కొట్టినా కంతలో బిగించిన ఆ సిమెంటు బిరడా కదలదు. అది నడుమ కొడితే పగులుతుంది. నడుమ ఆవిడ చెయ్యి ఉంది. కొట్టడానికి మనసు రాలేదో, ఎక్కడ కొట్టాలో తెలియదో! మేస్త్రీ ఊళ్లో ఎందరికో పని నేర్పాడు. భార్యకి ఈ ఒక్క ముక్క ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందని ఎవరనుకుంటారు!

ఆ తర్వాత మేస్త్రీ ఆ ఇంట్లో ఇనుము మీద ఇనుము కొట్టలేదు. బయట గోడలు కడుతూనే ఉన్నాడు గానీ, ఇంటికి వచ్చేముందు సంచీ పనిచోటే వదిలి వచ్చేవాడు. మాటలోని వంకర పోయింది. మబ్బు పట్టిందంటే చాలు, అతనికి పెరట్లోంచి చప్పుడు వినిపించేది. ఠక్కు, ఠక్కు, కాస్త ఆగి మళ్లీ ఠక్కు. చేతకాని చెయ్యి కొట్టే దెబ్బ. కూతురికి వినిపించేది కాదు. "గాలికి రేకు కొట్టుకుంటోంది నాన్నా" అనేది. ఇంటి మీద రేకే లేదని తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు.

ఇంకొకటి. సిమెంటు మోతాదు ఎక్కువేమో, వాన రాబోయే ముందు ఆ అరచేతికి చెమ్మ పట్టేది. గోడంతా పొడిగానే ఉండేది, అరచెయ్యి ఒక్కటే చెమర్చేది. మేస్త్రీ వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలుతో తుడిచేవాడు. జ్వరం వచ్చినవాళ్ల చెయ్యి తుడిచినట్టు, ఒక్కొక్క వేలూ తుడిచేవాడు. "వస్తున్నానే, వస్తున్నా" అని గొణిగేవాడు. ఎక్కడికి వెళ్లడానికి!

కూతురు పెద్దదయింది. పోయి పోయి అద్దకం షెడ్లలోనే ఉద్యోగంలో చేరింది. వీధివాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆ పిల్లకి తండ్రి మొండితనం వచ్చింది. కాళ్లు అరిగేలా తిరిగి, యజమానులతో వాదించి, రంగునీళ్లు తొట్లలో తేరుకున్నాకే వదిలేలా చేయించింది. కాలువ ఒడ్డున జమ్ము నాటించింది. ఏళ్లు పట్టింది గానీ కంపు పోయింది. కాలువలో కొంగలు వాలాయి.

ఇక మిగిలింది వీధి వాననీళ్లు. కరువులో బావులు ఎండిపోవడమూ, వానలో ఇళ్లు మునగడమూ రెండూ, పడ్డ వానని నేలలో ఇంకనివ్వని ఒకే తప్పు వల్లేనని ఆ పిల్ల ఇంటింటికీ వెళ్లి చెప్పింది. వీధి మొదట్లో ఖాళీ స్థలంలో అందరూ కలిసి పెద్ద ఇంకుడు గుంత తవ్వారు. వాన ముందు అందులో ఇంకాలి, మిగిలింది తూములోంచి కాలువలోకి పోవాలి. తూముకి ఈసారి గోడ కాదు, ఎత్తి దించే ఇనుప తలుపు. తలుపు కూడా తయారై వచ్చి మేస్త్రీ వాకిట్లో గోడకి ఆనించి ఉంది. గోడ పగలగొట్టడమే మిగిలింది.

మేస్త్రీ పగలగొట్టడు. ఇంకొకరిని పెరట్లోకి అడుగు పెట్టనివ్వడు.

"ఎండ తగ్గనీ" అన్నాడు. ఎండ తగ్గింది. "నడుం పట్టేసింది" అన్నాడు. నడుం బాగానే ఉంది. వీధి పెద్దలు వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలారు. గట్టిగా అడిగే హక్కు తమకి లేదని వాళ్లకి తెలుసు. తలలు దించుకుని వెళ్లిపోయారు.

"అమ్మ చెయ్యి నాకు మాత్రం వద్దా నాన్నా?" అంది కూతురు. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ ఆ అచ్చులో తన చెయ్యి పెట్టి కొలుచుకునేది. ఇప్పుడు తన చెయ్యే పెద్దది. "చుట్టూ కోసి, ముక్కని ముక్కగా తీసేద్దాం. లోపల పెట్టుకుందాం."

"రాదమ్మా. రాయిలో కలిసిపోయింది. నేనే కలిపాను కదా."

"మరి వానలు వచ్చేస్తున్నాయి. మళ్లీ పెరడు నిండితే?"

మేస్త్రీ తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ చెయ్యి పోతే మళ్లీ చూసుకోవడానికి ఈ భూమ్మీద ఆవిడది ఏదీ ఉండదు. గోడ ఉంటే వీధి మునుగుతుంది. రెండూ అతనికి తెలుసు. తెలిసి తెలిసి రోజులు జరుపుతున్నాడు.

వాన చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. పొద్దున్నే కూతురు, ఎగువన తొట్లు పొంగకుండా చూసుకోవాలని షెడ్లకి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికల్లా ఇంకుడు గుంత నిండి, పైకి పొర్లిన నీళ్లు వీధి పట్టుకుని దిగాయి. సందులోంచి పెరట్లోకి వచ్చాయి. మేస్త్రీ గుమ్మంలో నిలబడి చూశాడు. నీళ్లు చీలమండలు దాటాయి. అప్పుడు చప్పుడు మొదలైంది. ఠక్కు, ఠక్కు. ఈసారి అది ఆగలేదు.

అతను నీళ్లలోకి దిగి అరచేతి మీద తన చెయ్యి పెట్టాడు. చల్లగా, తడిగా ఉంది. చప్పుడు గోడ లోపలినుంచి తన చేతికే తగులుతున్నట్టనిపించింది. అన్నేళ్లూ ఆవిడ తనని పిలుస్తోందనుకున్నాడు. ఆవిడ పిలవడం లేదు, పని చేస్తోంది. ఆ రోజు మొదలుపెట్టిన పని పూర్తికాక ఇంకా కొడుతూనే ఉంది. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఇక ఆగవే" అన్నాడు. "చేతులు నొప్పి పుడతాయి. నేను కొడతాను."

మంచం కింద బట్టలో చుట్టి ఉన్న పాత సుత్తీ ఉలీ తీశాడు. ఆవిడ పట్టుకున్నవే. ఉలి మొనని అరచేతి నడుమ ఆనించాడు. కళ్లు మూసుకోలేదు. కొట్టాడు.

అచ్చు నడిమధ్య చీలింది. ఇంకా కొట్టాడు. బిరడా పెళ్లలు పెళ్లలుగా ఊడింది. చిటికెన వేలు ఉన్న ముక్క చేతిలోకి వస్తే జేబులో వేసుకున్నాడు. తక్కినవి కంతలోంచి అవతల కాలువలో పడిపోయాయి. కంత చాలదు, అడుగు రాళ్లు కూడా రావాలి. వంగి కొడుతూనే ఉన్నాడు. ఒంటరి చెయ్యి, వయసు మళ్లిన చెయ్యి, నీళ్లు మోకాళ్లకి వచ్చాయి.

ఆ చప్పుడు వానలో వీధంతా వినిపించింది. ఇన్నేళ్ల తర్వాత మేస్త్రీ ఇంట్లో సుత్తి. అన్నం తింటున్నవాళ్లు కంచాల దగ్గరినుంచి లేచారు. సామాను ఎత్తుతున్నవాళ్లు ఎక్కడివక్కడ వదిలేశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, గునపాలు పట్టుకుని కొందరు, ఉత్త చేతులతో కొందరు, నీళ్లు తోసుకుంటూ పల్లానికి పరిగెత్తారు. అందరికంటే ముందు ఇస్త్రీ అక్క చేరింది. ముసలితనం వచ్చింది, మోకాళ్లు సహకరించవు, అయినా ఆవిడే ముందు. గుమ్మం పట్టుకుని, ఊపిరి అందక, చీర తడిసి ముద్దై, లోపలికి తొంగిచూసింది.

"తమ్ముడూ!" అని అరిచింది. "కొట్టేది ఎవరు? నువ్వేనా?"

సుత్తి ఆగింది. మేస్త్రీ వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ వెనక గుమ్మం నిండా మనుషులు.

"నేనే అక్కా" అన్నాడు. "ఇవాళ నేనే. లోపలికి రండి."