పిన్ని అచ్చు వేయని ఏడో చరణం

మా పిన్ని నోటరీ ఆఫీసులో టైపిస్టు. రోజంతా దస్తావేజులు కొట్టీకొట్టీ ఆవిడ మాటల్లోకి కూడా ‘సదరు’ వచ్చి చేరింది. “సదరు కూరలో ఉప్పు పడలేదే” అని బాబాయి ఆటపట్టించేవాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. అలాంటి ఇంట్లో కూర్చుని పిన్ని రహస్య సాధనల మీద పదకొండు పుస్తకాలు రాసిందంటే ఎవరూ ఓ పట్టాన నమ్మరు.

రిటైరైన లెక్కల మాస్టారొకాయన తన రాతప్రతిని టైపు చేయమని తెచ్చివ్వడంతో ఇదంతా మొదలైంది. ఊపిరితో చేసే ఏదో గుప్త సాధన గురించి నాలుగు వందల పేజీలు. మూడో రోజుకే పిన్ని ఆ కట్ట పట్టుకుని ఆయనింటికి వెళ్లింది.

“మాస్టారూ, పన్నెండో పేజీలో ఊపిరి బిగబట్టమన్నారు. ముప్పయ్యో పేజీకొచ్చినా వదలమనలేదు. చదివేవాడి గతేం కావాలి?”

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. “నలభై ఏళ్లుగా ఈ మాట నన్నెవరూ అడగలేదమ్మా. ఇది నువ్వే రాయి” అని తన పుస్తకాల బీరువా తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

పిన్ని ఆ బీరువా అంతా చదివింది. చదివింది చాలక, సెలవు దొరికితే బస్సెక్కి, ఆ సాధనలు చేసేవాళ్లను వెతుక్కుంటూ పోయేది. తెలిసినంతవరకు తేట మాటల్లో రాసేది. తెలియని చోట ‘ఇది నాకు అర్థం కాలేదు’ అని పుస్తకంలోనే ఒప్పుకునేది. పాఠకులకు ఆ మాటే నచ్చింది. నాన్నమ్మకు మాత్రం ఒక సందేహం ఎప్పటికీ తీరలేదు.

“రహస్యమంటావు, అచ్చేయిస్తావు. ఇదేం రహస్యమే?”

ఆరో పుస్తకం రాసేటప్పుడు, ఇస్త్రీ పని మానేసి ఒంటరిగా ఉంటున్న ఒక ముసలావిడ పరిచయమైంది. ఏడు చరణాల పాట పాడుతూ ధ్యానం చేసే చిన్న సంప్రదాయం ఆవిడది.

“ఆరు చరణాలు రాసుకో. ఏడోది విను, రాయకు” అందామె. “మా గురువు ఇద్దరికే చెప్పాడు. నాకు శిష్యులు లేరు. ఆ రెండో ఆయన ఎక్కడున్నాడో తెలీదు. ఎవరైనా దాన్ని వెతుక్కుంటూ వస్తే మాత్రం చెవిలో చెప్పు.”

పిన్ని ఆరు చరణాలు వేయించి, ఏడోదాని చోట అరపేజీ ఖాళీగా వదిలేసింది. పువ్వు బొమ్మయినా వేద్దామని ప్రెస్సు మేనేజరు ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. అచ్చుతప్పనుకుని కొందరు పుస్తకాలు వెనక్కి పంపారు కూడా.

ఒక ఆదివారం పొద్దున నలుగురు మనుషులు గుమ్మంలోకి వచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ముందు నిలబడ్డాయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. గొంతులో ఆ అధికారం ఇంకా తగ్గలేదు.

“మా గురువుల పాటను బజారున పెట్టారటగా?”

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను నాయనా” అంది నాన్నమ్మ.

పిన్ని వాళ్లను కూర్చోబెట్టి పుస్తకం ముందుపెట్టింది. కండక్టరు కోపంగా పేజీలు తిప్పుకుంటూ పోయి ఖాళీ దగ్గర ఆగిపోయాడు.

“ఏడోది ఎందుకు వేయలేదు?”

“వద్దన్నారండీ.”

“మీకు తెలుసా?”

“తెలుసు.”

ఆయన వెనక్కి తిరిగి మిగతా ముగ్గురినీ చూశాడు. గొంతు దించేశాడు. “మాకు తెలీదమ్మా. మా గురువు చెప్పకుండానే పోయారు. ఇరవై రెండేళ్లుగా ఆరు పాడి ఆపేస్తున్నాం. ఎవరితోనూ చెప్పుకోలేకపోయాం.”

ముసలావిడ చెప్పిన ఆ రెండో శిష్యుడే వీళ్ల గురువని పిన్నికి అర్థమైంది. కండక్టరును బట్టలారేసిన బాల్కనీలోకి తీసుకెళ్లి చెవిలో చెప్పింది. తిరిగొచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. వెంటనే వంగి మిగతా ముగ్గురి చెవుల్లోనూ చెప్పాడు. ఆ ముగ్గురిలో పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

“మరి నాకో?” అంది నాన్నమ్మ.

“మీకు చెబితే సాయంత్రానికల్లా వీధంతా పాడుతుంది అత్తయ్యా.”

ఇల్లంతా గొల్లుమంది. నాన్నమ్మ కూడా నవ్వింది.

వారం తిరక్కుండా పిన్ని వెళ్లి ముసలావిడకు ఈ సంగతంతా చెప్పింది. ఆమె చాలాసేపు పిన్ని చెయ్యి వదల్లేదు. “ఎంతమంది ఉంటారు వాళ్లు?” అని మాత్రం అడిగింది.

పదిహేడు మంది. మరుసటి నెల అందరూ పిన్నితో కలిసి ఒకే బస్సులో ముసలావిడ దగ్గరికి బయల్దేరారు. సీటున్నా కండక్టరు కూర్చోలేదు, దారిపొడుగునా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాడు. ముసలావిడ ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. అందరూ మెట్ల మీద సర్దుకున్నారు. ఆమె మధ్యలో కూర్చుని, కళ్లు మూసుకుని, వాళ్ల పాట రెండు చరణాలు విని చెయ్యెత్తి ఆపేసింది.

“రాగం పాడుచేశారు. మళ్లీ మొదట్నుంచి పాడండి” అంది.

పిన్ని నోట్‌బుక్కు సంచిలో పెట్టేసి, వాళ్లతో గొంతు కలిపింది.