చొక్కా విప్పని వంశం

మొన్న ఆళ్లగడ్డలో మా ఆవిడ తరఫు బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్లాము. భోజనాలు ముగిసి తాంబూలాలు ఇస్తున్న వేళ, షామియానా కింద కూర్చున్న మా తోడల్లుడి చుట్టూ పిల్లలు మూగి, చెయ్యి మడిచి కండ చూపించమని సతాయించడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన మనిషి, వద్దు వద్దంటూనే చొక్కా చేతిని భుజం దాకా మడిచాడు. పిల్లలు కేకలు పెట్టారు, పెద్దలు కూడా ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు, మా ఆవిడ ఆడవాళ్ల మధ్య నుంచి మెడ సాచి చూసి నవ్వింది. ఆయన కండువా జారిపోతుంటే ఎవరో తీసి నా చేతిలో పెట్టారు. పట్టుకుని కూర్చున్నాను. ఒకప్పుడు నా చెయ్యి అంతకంటే లావుగా ఉండేదని ఆ షామియానా కింద ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అసూయ అని చెప్పుకోవడానికి ఈ వయసులో నాకు సంకోచమేమీ లేదు. నలభై ఏళ్లుగా ఉన్నదే.

కసరత్తులు చేసే తాలింఖానా మట్టి వాసన ఎరిగిన నా ఈడు వాళ్లకైతే ఇది అర్థమవుతుంది. మా తాత కాలంలో నంద్యాలలో మా ఇంటి వెనక మాకు సొంత గోదా ఉండేది. పైల్వాన్లకు తిండి, నెయ్యి, బట్టలు మా ఇంటి నుంచే పోయేవి. పొలాలు కోర్టు వ్యాజ్యాలలో కరిగిపోయి నా వంతు వచ్చేసరికి ఒక పెద్ద వాకిలి, దాని ముందు అరుగు, కొన్ని అలవాట్లు మాత్రం మిగిలాయి. ఆ అలవాట్లలో మొదటిది, మా ఇంటి మగవాడు నలుగురి ముందు చొక్కా విప్పకపోవడం. పైల్వాన్లు విప్పుతారు, మనం కూర్చుని చూస్తాము, గెలిచినవాడికి బహుమానం ఇస్తాము, అదీ మా పద్ధతి. ఆడవాళ్లు గోదా వైపు తొంగి చూడడం కూడా ఉండేది కాదు. మా నాయన మే నెల ఎండలో కూడా అరుగు మీదికి ఒంటి బనియనుతో వచ్చి ఎరగడు. మేము ఏమీ లేనివాళ్లమయ్యాక ఆయన ఈ విషయంలో మరీ పట్టుదలగా ఉండేవాడు.

నేను డెబ్బైలలో పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాను. పగలంతా కాటా దగ్గర కూర్చునే ఉద్యోగం, నడుము వంగిపోతుందేమోనన్న భయం, తాత పేరు వింటూ పెరిగిన పౌరుషం, ఇవన్నీ కలిసి నన్ను తాలింఖానాకు తీసుకుపోయాయి. అక్కడి ఉస్తాదు ముసలాయన పరుపులు కుట్టుకుని బతికేవాడు, మా తాత పెట్టిన అన్నం తిన్నవాడు. నన్ను చూసి సంతోషపడి దండీలు, బస్కీలు, గద తిప్పడం, ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఇనుప బిళ్లల రాడ్డు, అన్నీ దగ్గరుండి నేర్పాడు. తెల్లవారకముందే వెళ్లి, అక్కడి బావి దగ్గరే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. ఇంట్లోనూ దీపం ఆరాకే విప్పేవాణ్ణి.

ఇంట్లో మాత్రం అదొక సంసార సమస్యే. అమ్మ వంటింట్లోకి కోడిగుడ్డు రానిచ్చేది కాదు. మా ఆవిడ పెరట్లో మూడు రాళ్లు పెట్టి, వేరే సట్టిలో గుడ్లు ఉడకబెట్టి, సట్టిని మళ్లీ పెరట్లోనే బోర్లించేది. అప్పటికి మా అమ్మాయి చంటిపిల్ల. రాత్రంతా ఎత్తుకుని తిరిగి అప్పుడే కునుకు పట్టిన మనిషిని లేపి గుడ్లు అడగడం, బిడ్డ పాలలో నుంచి నా గ్లాసు నింపుకోవడం, ఆదివారాలు సినిమాకని సిద్ధమైతే తాలింఖానాలో పని ఉందనడం, ఇవన్నీ ఆమె పళ్లబిగువున భరించింది. ఒక్కోసారి మాత్రం నోరు జారేది.

"పొద్దున్నే లేసి యాడికి పోతాండారో, ఆడ ఏం చేస్తాండారో నాకేం తెలుసు? గుడ్లు ఉడకేసేదొక్కటే నా వంతు."

చూస్తానని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండునని నాకు ఉండేది.

ఆ రోజుల్లోనే మా మరదలికి ఆళ్లగడ్డలో పెళ్లయింది. తోడల్లుడికి కడప రోడ్డు మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆయనకూ ఇదే పిచ్చి. తేడా ఏమిటంటే ఆయన తాలింఖానాకు పోలేదు, ఇంటినే తాలింఖానా చేసుకున్నాడు. పెరట్లో పాత లారీ ఇరుసు ఎత్తేవాడు. దండీలు తీసేటప్పుడు పిల్లలు వీపు మీద ఎక్కి కూర్చునేవాళ్లు. మా మరదలు చింతపండు ఒలుస్తూ లెక్కపెట్టేది, తప్పు లెక్కపెట్టి మళ్లీ మొదటి నుంచి తీయించేది. ఇదంతా నేను చూసింది తక్కువ, పుట్టింటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ చెబితే విన్నది ఎక్కువ. ఆమె మామూలుగానే చెప్పేది. ఆ మాటలు మింగుడుపడక నేను మర్నాడు రాడ్డుకు ఇంకో బిళ్ల ఎక్కించేవాణ్ణి.

ఒక ఏడు ఆళ్లగడ్డలో మా మామ ఇల్లు పెంచి కట్టి, పాత వంటింట్లోని రుబ్బురోలు కొత్త పెరట్లోకి మార్చాలన్నాడు. అల్లుళ్లం ఇద్దరమూ ఉన్నాము. పెద్దల్లుడు అత్తవారింట గడ్డిపోచ కూడా కదిలించకూడదు, ఆయనకు వాకిట్లో కుర్చీ, చేతిలో మజ్జిగ. నేను చెయ్యి వెయ్యబోతే మా అత్త కంగారుపడి పరుగున వచ్చింది.

"మీరు కూసోండి నాయనా! పెద్దల్లునితో రోలు మోయించినారని ఊరంతా ఉమ్మేస్తాది మా మొగాన."

కూర్చున్నాను. మా తోడల్లుడు చొక్కా విప్పి తలుపు మీద పడేసి, ఆ రోలును కడుపుకు ఆనించుకుని ఒక్కడే నడిపించుకుంటూ పోయాడు. మా ఆవిడ దారిలో ఉన్న బిందెలు తప్పిస్తూ, "మెల్లిగప్పా, కాళ్ల మీద ఏసుకుంటావు" అంటూ ఆయన పక్కనే నడిచింది. ఆమె ముఖంలో ఆ బెరుకు, ఆ మెచ్చుకోలు నేను అంతకు ముందు చూడలేదు. దానికంటే పెద్ద గుండును నేను రోజూ భుజం మీదికి ఎత్తుతానని అరవాలనిపించింది. మజ్జిగ తాగాను.

ఎనభైలు వచ్చాక నంద్యాలలో ఒక బడి మైదానంలో పందిరి వేసి, కండలు చూపించే బాడీ పోటీ పెట్టారు. నేను పేరు ఇచ్చాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా ఆవిడా, అప్పటికి బడికి పోతున్న మా అమ్మాయీ నన్ను చూడాలి, ఆ తర్వాత మా నాయన ఏమన్నా సరే అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, వాళ్లు చూసి ఆశ్చర్యపోవాలని. తోడల్లుడు కూడా పోటీకి వచ్చి భార్యతో మా ఇంట్లోనే దిగాడు. అతిథి కాబట్టి గుడ్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి, గడ్డ పెరుగూ ఆయనకే పడింది. మా ఆవిడ కొసరి కొసరి వడ్డిస్తుంటే నేను నా పళ్లెం చూసుకుంటూ తిన్నాను. ఆడవాళ్లనూ అమ్మాయినీ ఆయనే ముందుగా పందిట్లో కూర్చోబెట్టి వచ్చాడు.

తెర వెనక ఉస్తాదు నా ఒంటికి నువ్వులనూనె పట్టించాడు. భుజాలు తట్టి, "ఈ వీపు నీ తాత చూడాల్సింది బేటా" అన్నాడు. లంగోటా కట్టుకుని నిలబడి తెర సందులోంచి చూశాను. ముందు వరసలో మా వాళ్లు ఉన్నారు. వాళ్ల వెనక, ఒకప్పుడు మా పొలాలు గుత్తకు చేసిన మనుషులు కూర్చుని ఉన్నారు. మా నాయన వీధిలో వస్తే అప్పటికీ లేచి నిలబడేవాళ్లు. రేపు వాళ్లు బీడీలు కాలుస్తూ మా ఇంటి మగవాడి తొడల గురించి మాట్లాడుకుంటారన్న తలంపు వచ్చింది. అంతే, చొక్కా అందుకున్నాను.

"ఏందన్నా, చొక్కా ఏస్కుంటాండావు? నీ ముందర నేను యాడ నిలబడేది అని నేను బయపడతాంటే!" అన్నాడు తోడల్లుడు.

కడుపులో నొప్పి అన్నాను. ఉస్తాదు తన చేతుల నూనె తుండుతో తుడుచుకున్నాడు.

ఇంటికి పోదామని పక్కగా బయటికి వస్తుంటే నిర్వాహకులలో ఒక పెద్దమనిషి చూసి, "పెద్దింటాయప్ప వచ్చినాడు, కుర్చీ ఎయ్యండప్పా" అని కేకేశాడు. వేదిక మీద పెద్దల వరసలో కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుని పోటీ మొత్తం చూశాను. నేను నిలబడవలసిన చోట నిలబడినవాళ్లలో నన్ను మించినవాడు ఒక్కడూ లేడని చూస్తూనే తెలిసింది, తోడల్లుడితో సహా. ఆయనే గెలిచాడు. బహుమతి పెద్దింటివారి చేతుల మీదుగా ఇప్పించడం ఊరికి ఆనవాయితీ అన్నారు. లేచి కప్పు అందించాను. మా అమ్మాయి ముందు వరసలో ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది. తిరిగి వస్తున్నంతసేపూ ఆ కప్పు పట్టుకుని చిన్నాయన భుజాల మీదే కూర్చుంది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ నా చొక్కా చూసి ఆగిపోయింది. "ఇంత నూనె యాడిది? వీపుకంతా అంటుకోనుంది."

జనంలో ఎవరో ఆనుకున్నారన్నాను. ఆమె కుంకుడు రసంలో నానబెట్టి రెండు రోజులు ఉతికింది. మరక పోలేదు.

తెర వెనక నన్ను చూసిన సంగతి తోడల్లుడు ఆ పూటా చెప్పలేదు, ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు. నా పరువు కాపాడాడు. ఆ పెద్దమనిషితనం కూడా ఆయనకే దక్కింది చూడండి, అదీ నాకు కడుపుమంటే.

నేను తాలింఖానా మానలేదు. మరో ఏడెనిమిదేళ్లు అదే వేళకు లేచాను. ఒకనాటి పొద్దున, ఒళ్లింకా వేడిగా ఉండగానే ఇంట్లోకి వచ్చి కిటికీ పక్కన గుండీలు సరిచేసుకుంటున్నాను. అరుగు మీద మా అమ్మాయి, దాని స్నేహితురాలు మాట్లాడుకుంటున్నారు. మా చిన్నాయనకు కప్పు వచ్చింది, లారీ ఇరుసు ఒంటిచేత్తో ఎత్తుతాడు అని మా అమ్మాయి గొప్పలు చెబుతోంది.

"మీ నాయన చెయ్యడా?" అంది ఆ పిల్ల.

"మా నాయనా? అట్లాంటివి ఆయనకు పడవు. మిల్లుకు పోతాడు, వస్తాడు, పేపరు చదువుతాడు."

బయటికి వెళ్లి చొక్కా చెయ్యి మడిచి చూపితే అయిపోయేది. అది మా తాత కూర్చున్న అరుగు. వీధిలో మనుషులు తిరుగుతున్నారు. పై గుండీ కూడా పెట్టుకుని మిల్లుకు వెళ్లాను.

ఇప్పుడు మా ఇంటి ఎదురుగానే అద్దాల జిమ్ము వచ్చింది. పరుపులు కుట్టే ఉస్తాదులు లేరు, మట్టి లేదు, నువ్వులనూనె లేదు. వీధిలో పోయే ప్రతివాడికీ లోపల కసరత్తు చేసేవాళ్లు కనిపిస్తారు, కనపడడానికే చేస్తారు. సాయంత్రం భార్యలు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, భర్తల చేత చొక్కాలు ఎత్తించి ఫొటోలు తీస్తారు, బాగా రాలేదని మళ్లీ నిలబెడతారు. నామోషీ అన్న మాట వాళ్లెవరూ విననట్టే ఉంటారు. మా నాయన చూసి ఉంటే ఆ వైపు కిటికీలు మూయించేవాడు. నేను మూయలేదు. వాళ్ల కండల్లో పస లేదు, అది నాకు తెలుసు, ఆ విషయంలో నాకు అసూయ లేదు. లోపలి కుర్రాడెవడో అలసిపోయి తల ఎత్తగానే, అద్దం అవతల తననే చూస్తూ ఇంటి మనిషి నిలబడి ఉండడం, అది చూసినప్పుడు మాత్రం నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.