మా గడ్డికుప్ప మూత తెరవడానికి వస్తానన్న సత్యం సార్

నిన్న పొద్దున ఇల్లందు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది.

"సత్యం సార్ పోయిండట. గుండెపోటు."

ఏ సత్యం సార్ అని అడిగాను. నాకు తెలిసింది ఒక్కరే. అయినా అడిగాను.

మొన్న ఆదివారమే మా ఇంటి ముందు బైక్ ఆపి, మజ్జిగ తాగి, మా గడ్డికుప్ప చుట్టూ తిరిగి చూశారు. "బుధవారం తెరువక్కా, నేనొస్త" అని మా అమ్మకు చెప్పి వెళ్లారు.

ఇంకా షాక్‌లోనే ఉన్నాను.

ఈ పోస్ట్ చదివే ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆయన తెలియదు. మా మండలం పశువుల దవాఖానాలో కాంపౌండర్. పెద్ద పోస్ట్ ఏమీ కాదు. కానీ మా ఇంట్లో ఈ రోజుకీ పాలున్నాయంటే ఆయన వల్లే.

నా డిగ్రీ అయిపోయిన ఏడాది వానలు లేవు. అడవిలో కూడా పచ్చిమేత దొరకలేదు. ఉత్త వరిగడ్డి తిని మా గేదె ఎముకలు తేలింది. నాన్న లేని ఇంటికి అదే ఆధారం. అమ్మ గుండె రాయి చేసుకుని సంతకు తోలేస్తానంది.

"జర ఆగక్కా" అన్నారు సార్.

యూరియా తూకం వేసి నీళ్లలో కరిగించి, గడ్డి మీద పొరపొరకూ చల్లించి, తొక్కించి, టార్పాలిన్ కప్పించారు. మూడు వారాలు గాలి ఆడకూడదు, అప్పుడే గడ్డి మెత్తబడి గేదె ఒంటికి పడుతుందని చెప్పారు.

మా అమ్మ ఆగే మనిషా! కుళ్లిపోతోందేమోనని రోజూ ఓ మూల ఎత్తి వాసన చూసేది. నేను వద్దంటే వింటుందా?

మూడు వారాలకు తెరిస్తే అంతా బూజు. మిగిలిన గడ్డి ఇంకొక్క కుప్పకే సరిపోతుంది. అమ్మ పలుపుతాడు చేతిలోకి తీసుకుంది.

సార్ తిడతారనుకున్నాను. నింపాదిగా అడిగారు.

"అక్కా, సారాకు ఇప్పపువ్వు నానబెడితే కుండమూత రోజూ తీస్తవా?"

"ఎందుకు తీస్త? ఖరాబైతది గదా!"

"గిది గూడ గంతే."

అమ్మకు టక్కున అర్థమైంది. నా సైన్స్ డిగ్రీ వల్ల కాని పని అది.

రెండో కుప్పకు అమ్మే కాపలా. కోడి దగ్గరికి వచ్చినా కర్ర తీసేది.

తెరిచిన రోజు కుప్పలోంచి వచ్చిన యూరియా గ్యాస్ ఘాటుకు అందరి కళ్లూ మండాయి. గంటసేపు ఆరబెట్టాక సారే పిడికెడు తీసి గేదె ముందు పెట్టారు. అది మొహం తిప్పుకుంది. మా ప్రాణాలు పోయినంత పనైంది. కొంచెం తవుడు కలిపి మళ్లీ పెట్టారు.

తింది. గంప ఖాళీ చేసింది.

సార్ కళ్లలో నీళ్లు.

"ఏడుస్తున్నరా సారూ?" అంది అమ్మ.

"గ్యాస్ అక్కా, గ్యాస్."

గ్యాస్ ఎప్పుడో పోయింది. అందరికీ తెలుసు.

గేదె సంతకు పోలేదు. అప్పట్నుంచి ఏటా కుప్ప పెడుతున్నాం, తెరిచే రోజు సార్ వచ్చేవారు. థాంక్స్ సార్ అని ఒక్కసారైనా సరిగ్గా చెప్పానా? గుర్తు లేదు. ఇప్పుడు చెబుతున్నాను సార్. థాంక్స్.

ఇవాళ బుధవారం.

పొద్దున కుప్ప అమ్మ ఒక్కతే తెరిచింది. ఆరబెట్టి, మొదటి గంప సార్ వాళ్ల గేదెకు పంపింది. ఆ ఇంట్లో ఇవాళ దానికి మేత వేసే తీరిక ఎవరికుంటుందని.

తర్వాత అక్కడే నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

"గ్యాస్ బిడ్డా" అంది.

వెళ్లి రండి సార్. మా గేదె మేస్తోంది. మీరిక నిశ్చింతగా ఉండండి.