ఎనిడ్ లార్టర్‌కి దక్కిన రాతి తొట్టి

థ్రాక్‌స్టన్ అనే పల్లె చర్చిలో ఐదు వందల ఏళ్ళ నాటి బాప్తిస్మపు తొట్టి ఒకటుంది. రాతిది, ఎనిమిది పలకలది. చుట్టూ దేవదూతలు, కింద కాపలాకి సింహాలు. బొమ్మలంటే గిట్టని సైనికులు ఒకప్పుడు వచ్చి వాటన్నిటి ముఖాలూ చెక్కేసి పోయారు. ఊరు వాళ్ళని ఇంకా క్షమించలేదు. తొట్టి ఉన్నది బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడానికన్న సంగతి మాత్రం హాయిగా మరిచిపోయింది. తొట్టి పుట్టింది పూల కోసం. అందులోనూ ఈస్టర్ పూల కోసం. ఈస్టర్ పూలు పుట్టింది మిసెస్ ప్రెటీమన్ కోసం.

చర్చిలో పూలు పెట్టే ఆడవాళ్ళలో ఎవరికి ఏ చోటో తేల్చేది ఆవిడే. ఎనిడ్ లార్టర్‌కి ఏటా ఒకటే చోటు: చలికి రాజేసే బొగ్గు పొయ్యి వెనక ఉత్తరపు కిటికీ. అక్కడ పెట్టిన పూలు రెండో పాట అందుకునేలోపే తల వాల్చేస్తాయి. వాటిని చూసేది పొయ్యి ఒక్కటే.

ఎనిడ్ ఆ ఊళ్ళోనే పుట్టింది. ఆ తొట్టిలోనే బాప్తిస్మం పొందింది. చక్కెర దుంపల లారీ తోలే రెజ్‌ని ఆ చర్చిలోనే పెళ్ళాడి, పుట్టిన ముగ్గురినీ ఆ తొట్టి దగ్గరికే మోసుకెళ్ళింది. మిసెస్ ప్రెటీమన్ లండన్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళే అయింది. థ్రాక్‌స్టన్ లెక్కలో నిన్న సాయంత్రం బస్సు దిగినట్టు. అయితే ఆవిడకి పెద్ద ఇల్లుంది, ఇంటి వెనక అద్దాల గది ఉంది, అద్దాల గదిలో తెల్ల లిల్లీలున్నాయి. ఇవన్నీ ఉన్న మనిషికి దేవుడి ఇంట్లో ఎక్కడ నిలబడాలో ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఈసారైనా తొట్టి నాకివ్వండని అడక్కపోయావా?" అనేవాడు రెజ్ ఏటా.

"అడిగితే ఇచ్చేదైతే అది తొట్టి ఎందుకవుతుంది?" అనేది ఎనిడ్.

అలాంటిది ఓ ఏడు, ఈస్టర్ దగ్గర పడుతుండగా, మిసెస్ ప్రెటీమన్ పూల కింద పరచడానికి తెచ్చుకున్న తడి నాచు మీద తనే జారి కాలు విరగ్గొట్టుకుంది. ఎనిడ్ సంతోషించలేదు. సంతోషించలేదని ఊరంతా తిరిగి చెప్పింది కూడా. ఎండుద్రాక్ష కేకు పట్టుకుని పరామర్శకి వెళ్ళి, ఆ ఏటికి తొట్టి పుచ్చుకుని తిరిగొచ్చింది.

"అన్నీ తెలుపే పెట్టు ఎనిడ్. రంగులు కలపడం నీ వల్ల కాదు," అంది మిసెస్ ప్రెటీమన్ మంచం మీంచి.

"అలాగేనండీ," అంది ఎనిడ్. పండగ ముందు రోజు, శనివారం పొద్దున్నే మొగుణ్ణి వెంటేసుకుని కాలవ గట్లన్నీ తిరిగి లేత పసుపు ప్రిమ్‌రోజ్ పూలు బుట్టలకొద్దీ తెచ్చింది.

తొట్టిలో కోళ్ళ దొడ్డి ఇనప వల చుట్ట చుట్టి దించి, పైన నాచు కప్పి, నాచులో పూలు గుచ్చింది. మధ్యాహ్నానికి తొట్టి వసంతంలో విరగబూసిన కాలవ గట్టులా ఉంది. ఎనిడ్ వెనక్కి వెళ్ళి చూసింది, పక్కకి వెళ్ళి చూసింది. పొయ్యి దగ్గర నిలబడి కూడా చూసింది. అక్కణ్ణుంచి కూడా బాగుంది.

అప్పుడొచ్చాడు పాదిరి ఆల్బన్ స్కీట్. బిషప్పుకైనా ఎదురు చెప్పగలడు గాని పూల ఆడవాళ్ళకి చెప్పలేడు.

"అద్భుతం మిసెస్ లార్టర్! స్వర్గం! అయితే చిన్న సంగతి. డోరీన్ థర్టిల్ బిడ్డకి రేపు బాప్తిస్మం."

"రేపా? ఎందులో?"

పాదిరి తొట్టి వైపు చూసి, చూడనట్టు పైకప్పు వైపు చూశాడు. "వాళ్ళాయన సోమవారం చేపల పడవెక్కాలిట. మాటిచ్చి మరిచిపోయాను. ఏం పర్లేదు, మా ఇంట్లో ట్రైఫిల్ పుడ్డింగు చేసే గాజు గిన్నె ఉంది. మిసెస్ ప్రెటీమన్ పూలున్నప్పుడు ఎప్పుడూ అదేగా!"

నిజమే. ఈమధ్య ఊళ్ళో పిల్లలంతా పుడ్డింగు గిన్నెలోనే క్రైస్తవులయ్యారు.

"గిన్నె చాలు," అంది ఎనిడ్.

పాదిరి గుండెల మీంచి రాయి దిగింది. ఆయన అటు వెళ్ళగానే డోరీన్ బిడ్డ బండి తోసుకుంటూ వచ్చింది. పందుల దొడ్డి చూసుకునే థర్టిల్ కూతురు.

"ఎంత బాగున్నాయి ఎనిడ్ ఆంటీ! మా అమ్మకి ఇందులోనే ఇచ్చారట, నాకూ ఇందులోనే. వీడికీ ఇందులోనే అని మా ఆయనకి చెప్పా. మరి పూలు..."

"పాదిరిగారు గిన్నె తెస్తారులే. గాజుది, మంచిది."

"అందులో జెల్లీ తింటారు కదా ఆంటీ?" అంది డోరీన్. మళ్ళీ తనే, "సర్లెండి, అంత కష్టపడి పెట్టారు, పాడు చేసుకోకండి," అని బండి తిప్పుకుని పోయింది.

తిట్టిపోసినా బాగుండేది. ఇన్నేళ్ళూ పొయ్యి వెనక పడున్నదానికి ఒక్క ఆదివారం కావాలనుకోవడం తప్పా అని ఎనిడ్ సింహాన్ని అడిగింది. ముఖం లేని సింహం ఏం చెబుతుంది?

సాయంత్రం టీ వేళకి మిసెస్ ప్రెటీమన్‌కి జరిగింది చెప్పడానికి వెళ్ళింది. పసుపు పూల మాట దాచి గిన్నె మాట చెప్పింది. ఆవిడ దిండ్ల మీంచి లేచి కూర్చున్నంత పని చేసింది.

"శభాష్ ఎనిడ్! థర్టిల్ వాళ్ళకి గిన్నె కూడా ఎక్కువే. పూలంటే ఏమిటో తెలిసిన మనలాంటి వాళ్ళం గట్టిగా నిలబడాలి. మొదటిసారి నాలా ఆలోచించావు. వచ్చే ఏడు నేను లేచి తిరుగుతున్నా సరే, తొట్టి నీదే."

ఎనిడ్ టీ సగంలో వదిలి లేచింది. తిన్నగా చర్చికి వెళ్ళి, కోటైనా విప్పకుండా పూలు పీకడం మొదలెట్టింది. ఆమెని వెతుక్కుంటూ వచ్చిన రెజ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నీకేమైనా పిచ్చా? పొద్దుట్నించీ నా నడుం విరగ్గొట్టి..."

"ఆవిడ నన్ను మెచ్చుకుంది రెజ్."

"అయ్యో," అన్నాడు రెజ్. వచ్చి బకెట్ అందుకున్నాడు.

ఈస్టర్ ఉదయం తొట్టిలో నీళ్ళున్నాయి. పూల ఆడవాళ్ళు చావింట్లోకి వచ్చినట్టు వచ్చారు. నీళ్ళు పడగానే థర్టిల్ మనవడు కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. అలా ఏడిస్తే సైతాను వదిలినట్టేనని ముసలమ్మలు తలలూపారు. ఎంత కడిగినా మిగిలిపోయిన పసుపు రేకు ఒకటి వాడి నుదుటికి అంటుకుంటే, డోరీన్ దాన్ని తియ్యనివ్వలేదు. మిగతా ప్రిమ్‌రోజ్‌లు పొయ్యి వెనక కిటికీలో ఉన్నాయి. రెండో పాటకి తల వాల్చేశాయి.

ఆ వారంలోనే పాదిరి చేతులు నలుపుకుంటూ కబురు మోసుకొచ్చాడు. "ఈస్టర్ నాడు తొట్టి ఖాళీగా పడుంచారని మిసెస్ ప్రెటీమన్ చాలా బాధపడుతున్నారు."

"ఖాళీగా ఎక్కడుంది పాదిరిగారూ, నీళ్ళుంటేనూ?" అంది ఎనిడ్. "మరీ అంత బాధైతే లిల్లీలు మీ గాజు గిన్నెలో పెట్టుకోమనండి. అదిప్పుడు ఖాళీయేగా."

ఆ మాట ఆవిడతో తాను చెప్పలేదని పాదిరి ఒట్టు వేస్తాడు. మరుసటి ఈస్టర్‌కి ఎనిడ్‌కి మళ్ళీ ఆ పొయ్యి వెనక కిటికీయే వచ్చింది కాబట్టి, ఎవరో చెప్పే ఉంటారు.