ఇసుక దిబ్బ మీద నలభై నిమిషాలు

2019 ఫిబ్రవరి 11. ఆ రోజు మా ఊరు లాస్ గార్సాస్ దగ్గర ఏరు దాటిన ప్రయాణికులు ఇద్దరు. మూడేళ్ల కిందట ఇదే తేదీన ఇరవై ఏడుగురు దాటినట్టు, రేవులో లెక్క రాసే నా నోటుపుస్తకంలో ఉంది. మెక్సికోలో ఈ నయారిత్ తీరం వెంట సైకిళ్ల మీద దక్షిణానికి పోయేవాళ్లకు ఇక్కడ రోడ్డు ఆగిపోతుంది. పడవ ఎక్కకపోతే నలభై రెండు కిలోమీటర్లు చుట్టూ తిరగాలి. ప్రయాణికులను దాటించే పడవ ఒక్క ఎర్మిలోదే. అయినా జనం చుట్టూ తిరగడానికే సిద్ధపడుతున్నారంటే దానికి కారణం ఒక్క వాక్యం.

ఆ వాక్యం రాసినవాడు కెనడా నుంచి వచ్చిన గారెట్. రెండేళ్ల కిందట, ప్రయాణికులంతా ఫోన్లలో చూసుకునే పటంలో, మా రేవు పక్కన "పడవవాడు తాగుబోతు, ఎక్కకండి" అని పెట్టాడు. ఎర్మిలో మద్యం ముట్టడు. ఇరవై మూడేళ్ల వయసులో గాలి గొట్టం నోట కరచుకుని ఆల్చిప్పల కోసం సముద్రంలో మునిగాడు. గొట్టం తెగింది, ఒక్క ఉదుటున పైకి లేచాడు; లోతు నుంచి అలా లేస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి నరాలు చెడతాయి. అప్పటినుంచి ఎడమకాలు స్వాధీనంలో లేదు, మాట ముద్దగా వస్తుంది. నేల మీద తూలతాడు; పడవలో తూలడు. ఇది ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా, ఆ వాక్యం ఊరి ఫోన్లన్నీ తిరిగాక, ఫిబ్రవరి రెండున వచ్చే కందెలారియా పండుగనాడు మేరీమాత విగ్రహాన్ని ఏరు దాటించే పనిని పండుగ కమిటీ ఈ ఏడు అతని నుంచి తీసేసింది. పంతొమ్మిదేళ్లుగా మాత అతని పడవలోనే దాటేది.

ఆ రోజు మొదటి ప్రయాణికుడు పొద్దున్నే దాటిపోయాడు. పొద్దు వాలుతుండగా వచ్చిన రెండోవాడు, ఈ ఏడు మళ్లీ ఇదే దారి పట్టిన గారెట్. చక్రం ఊచలు రెండు విరగడంతో చుట్టూ తిరగలేక రేవుకు వచ్చాడు.

"ఈయన ఇంకా తాగుతాడా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"ఎక్కి చూడండి," అన్నాను.

ఎర్మిలో అతన్ని వెంటనే గుర్తుపట్టాడు. ఆ వాక్యం పక్కనున్న ముఖాన్ని నా ఫోన్లో ఎన్నిసార్లు చూపించమన్నాడో లెక్కలేదు. సైకిలును తనే ఎత్తి పడవలో పెట్టాడు. అవతలి ఒడ్డున నాకు పనేమీ లేదు, అయినా ఎక్కాను.

ఏటి నడుమ ఇసుక దిబ్బకు పడవ తగిలింది.

"కాస్త దిగి తొయ్యి బాబూ. నా కాలు సంగతి చూస్తున్నావుగా."

గారెట్ దిగాడు. ఎర్మిలో గెడతో పడవను వెనక్కి నెట్టి, ఇరవై బారల దూరంలో, లోతు నీళ్లలో లంగరు వేశాడు.

"ఇదేంటి? నన్ను ఎక్కించుకోండి."

"తొందరేముంది. చుట్టాలొస్తున్నారు, పలకరించి పోదువుగాని."

సూర్యుడు మునుగుతుంటే వచ్చాయి హెహేన్లు. తడి ఇసుకలోంచి లేచే, కంటికి ఆనని పురుగులు. కుడితే వారం దురద. ఆ వేళకు మా ఊళ్లో ఎవరూ ఒడ్డున నిలబడరు. గారెట్ మెడ చరుచుకున్నాడు, పిక్కలు గోక్కున్నాడు, ఒంటికాలి మీద గెంతాడు, నీళ్లలో కూలబడి లేచాడు.

"చూడమ్మాయీ, ఎలా తూలుతున్నాడో. తాగాడంటావా?"

"నోరు వాసన చూడకుండా ఎలా చెప్తాం మామా?"

"అదీ నిజమే. మరి ఇతను నా నోరు వాసన చూశాడా?"

"తప్పయింది," గారెట్ అరిచాడు. "తీసేస్తాను, ఇప్పుడే తీసేస్తాను."

"అక్కడ సిగ్నల్ రాదు నాయనా. మాత వేరేవాడి పడవలో దాటుతుంటే నేను ఒడ్డున ఎంతసేపు నిలబడ్డానో అంతసేపు నిలబడు."

నా గడియారం ప్రకారం నలభై నిమిషాలు. చాలు అని నేను ఒక్కసారి కూడా అనలేదు, అనాలనిపించలేదు. ఆ తర్వాత ఎర్మిలో అతన్ని అవతలి ఒడ్డుకు భద్రంగా చేర్చి, సైకిలు దించాడు.

తరువాతి వారం పాత వాక్యం పోయి, కొత్తది వచ్చింది. "పడవవాడు తాగడు, నేను పొరబడ్డాను. ఏం చేసినా పూర్తి స్పృహలో ఉండే చేస్తాడు, దుర్మార్గుడు. ఎక్కకండి." ఎర్మిలో దాన్ని మూడుసార్లు చదివించుకుని, కమిటీ పెద్ద దోన్యా ఓబ్దులియా ఇంటికి నన్ను పంపాడు. ఆవిడ పెనం మీది రొట్టె తిప్పుతూ విన్నది.

"తాగడని రాశాడుగా. వచ్చే ఏడు మాతను ఎర్మిలోనే దాటిస్తాడు."

"దుర్మార్గుడని కూడా ఉందండీ."

"అది మాకు ముందే తెలుసులే."

చక్రం బాగు చేయించుకోవడానికి గారెట్ ఇంకా పక్క ఊళ్లోనే ఉన్నాడని తెలిసింది. దక్షిణాన అతను దాటాల్సిన తరువాతి ఏటి మీద పడవ ఎర్మిలో బావమరిది పంఫిలోది. గారెట్ వస్తున్నాడని శుక్రవారానికి పంఫిలోకు కబురందింది.