బీటకు అంటించిన కాగితం

ఈ పొద్దున స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా వణికాయి... కింద రోడ్డు తవ్వుతున్నారు, అంతే. కానీ అది తెలిసేసరికే నేను చెప్పులు లేకుండా మెట్లన్నీ దిగిపోయాను.

మా చిన్నప్పుడు... బంగారు గనుల ఊరు ఊరిగాంలో, గని కంపెనీ ఇచ్చిన మా ఇంట్లో ముందు గిన్నెలు వణికేవి. తర్వాత నేల కిందినుంచి ఒక్క దెబ్బ. గనులు మూతపడ్డాక కూడా లోపలెక్కడో రాయి పగిలేది. మా ఊళ్లో దాన్ని ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్లు.

"ఏర్‌బ్లాస్టేలేమ్మా, నువ్వు తిను," అనేది అవ్వ, జారిన మూత తీసి మళ్లీ పెడుతూ.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అలాంటి దెబ్బకే అవ్వ గది గోడ బీట వారింది... కిటికీ మూలనుంచి నేల దాకా. అవ్వ మంచం ఆ గోడకే ఆనుకుని ఉండేది. జరపడానికి ఇంకో చోటు లేదు.

అవ్వ మైదా ఉడికించి, నా నోటుబుక్కులో కాగితం చించి, బీటకు అడ్డంగా అంటించింది. గనిలో పని చేసిన తాత నేర్పాడట. కాగితం చిరిగితే గోడ కదులుతున్నట్టు. రోజూ పళ్లు తోముకోకముందే వెళ్లి చూసేదాన్ని...

ఆ ఆదివారం నాన్న నన్ను కూర్చోబెట్టాడు.

"కంపెనీ ఆఫీసుకు ఇంగ్లీషులో రాయమ్మా. గోడ కూలిపోయింది అని."

"కూలలేదు గదా నాయనా... బీటే గదా."

"బీట అంటే యాడొస్తారు వాళ్లు? కూలింది అంటేనే వస్తారు. ఇంగ రాయి."

మంచం మీదినుంచి అవ్వ నవ్వింది. "ఇంగ్లీషులో కూలిపోనీలే. తెలుగులో నిలబడే ఉండాది గదా."

నాన్న చెప్పినట్టే రాశాను. సంతకం చేసి, కవరు అంటించి, బడి దారిలో పోస్టు డబ్బాలో వెయ్యమని నా చేతికిచ్చాడు.

కాన్వెంటులో సోమవారం సిస్టర్ మాటల జతలు చెప్పేవారు. పేజీ మధ్యలో గీత, అటొకటి, ఇటొకటి. ఆ రోజు డ్యామేజ్, ఇంజురీ. మొదటిది వస్తువుకు, రెండోది మనిషికి. నేను చెయ్యెత్తాను. ఏడాదంతా ఎత్తింది ఆ ఒక్కసారే. క్రాక్‌కూ కొలాప్స్‌కూ తేడా ఏమిటని అడిగాను.

"క్రాక్ అయిన గోడ ఇంకా నిలబడి ఉంటుంది. కొలాప్స్ అయితే గోడే ఉండదు. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే అబద్ధం రాసినట్టే," అన్నారు సిస్టర్.

గోడ అవ్వ మీద పడుతుందని ఒక భయం. ఆఫీసువాళ్లు వచ్చి, నిలబడి ఉన్న గోడ చూసి, అబద్ధం రాశారని ఇల్లు ఖాళీ చేయిస్తారని ఇంకో భయం... ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాను.

మూడు వారాలైనా ఎవరూ రాలేదు. "కూలింది అన్నా కదల్లేదే వీళ్లు," అని నాన్న రోజూ తిట్టేవాడు. నేను తల ఎత్తకుండా అన్నం తినేదాన్ని.

ఒక పొద్దున కాగితం మధ్యకు చిరిగి ఉంది.

"అవ్వా... చిరిగింది."

"చూసినాలే. బడికి పో."

మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే పక్కింటామె వచ్చి నన్ను పిలుచుకుపోయింది. అవ్వ గదిలో ఎప్పుడూ లేనంత వెలుతురు. అవ్వను వాకిట్లో కూర్చోబెట్టారు, కుడి కాలికి పాత చీర చుట్టి. ఆ తర్వాత అవ్వ కర్ర లేకుండా నడవలేదు.

సాయంత్రం నాన్న మళ్లీ కాగితం నా ముందు పెట్టాడు. "ఇప్పుడు రాయమ్మా. ఇప్పుడు అబద్ధం కాదులే."

రాశాను. కొలాప్స్ అయింది గోడ. డ్యామేజ్ కింద కిటికీ, మంచం. ఇంజురీ కింద అవ్వ కాలు. ఒక్క తప్పు కూడా లేదు.

ఇప్పుడు పిల్లల చేత ఉత్తరాలు ఎవరు రాయిస్తున్నారు... ఫోనులో ఫోటో తీసి పంపితే, గోడ ఎలా ఉందో గోడే చెప్పుకుంటుంది. మీ ఇంట్లో ఉత్తరాలు ఎవరు రాసేవాళ్లు? మీరైతే, ఏ మాట దగ్గర మీ చెయ్యి ఆగింది?

మొదటి ఉత్తరం నేను డబ్బాలో వెయ్యలేదు.